తేలికపాటి రిమ్ బ్రేకులు: విప్పి కడగడం మేలా, ఉన్నచోటే తుడవడం మేలా?

లీవర్ బిగుసుకున్నట్టు ఉంటుంది. వదిలాక కూడా ప్యాడ్ చక్రం అంచు (రిమ్) నుంచి నింపాదిగా వెనక్కి వస్తుంది. రిమ్‌ని రెండు వైపుల నుంచి నొక్కే బ్రేకు భాగం, అంటే క్యాలిపర్ సందుల్లో నల్లటి మడ్డి పేరుకుని కనిపిస్తుంది. రిమ్ బ్రేకులున్న రోడ్ బైక్ నడిపేవాళ్ళందరికీ ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. అప్పుడు క్యాలిపర్‌ని పూర్తిగా విప్పి కడగాలా, సైకిల్ మీదే తుడిచి సరిపెట్టుకోవాలా? నా మాట ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది: ఫ్రేమ్ నుంచి ఊడదీయండి, కానీ క్యాలిపర్‌ని ముక్కలు చేయకండి.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. క్యాలిపర్ దగ్గర వైరు బిగించిన బోల్టు వదులు చేసి, ప్యాడ్లని పట్టుకునే దాని రెండు చేతుల్నీ వేళ్ళతో నొక్కి వదలండి. అవి తేలిగ్గా కదిలి టక్కున వెనక్కి వస్తే తప్పు క్యాలిపర్‌లో లేదు, కేబుల్‌లో ఉంది. చాలాసార్లు తేలేది ఇదే. ఈ పరీక్ష చేయకుండా క్యాలిపర్ విప్పడం మొదలుపెడితే ఆ శ్రమంతా వృథా.

తేలికపాటి బ్రేకుల గురించి విడిగా ఎందుకు చెప్పాలి? షిమానో 105 ఆర్7000 బ్రేకులు జత సుమారు 380 గ్రాములు. డ్యూరా-ఏస్ ఆర్9100 అయితే సుమారు 325. కేన్ క్రీక్ వాళ్ళ ఈఈబ్రేక్ లాంటివి జత 200 గ్రాముల లోపే ఉంటాయి. ఆ తగ్గిన బరువంతా ఎక్కడో ఒకచోట కోసి తీసిందే. చేతుల మధ్య లోహాన్ని తొలిచేస్తారు, స్టీలు బోల్టుల బదులు టైటానియంవో అల్యూమినియంవో వేస్తారు, చేతులు తిరిగే ఇరుసు దగ్గర పల్చటి వాషర్లో చిన్న బేరింగులో పెడతారు. మామూలు 105 బ్రేకు కాస్త ఎక్కువ బిగించినా ఓర్చుకుంటుంది. వీటిలో మరలు పాడైతే క్యాలిపర్ మొత్తం పోయినట్టే, విడిభాగాలు మన దగ్గర అంత తేలిగ్గా దొరకవు.

ఉన్నచోటే తుడవడంలో పెద్ద లాభం, కుదిరిన సెట్టింగ్ చెదరదు. దుమ్ము రోడ్ల మీద తిరిగి వచ్చినప్పుడు ఇదే చాలు. అయితే చక్రం తీసేసి చేయాలి. చక్రం ఉండగా చేస్తే లోపలి వైపుకి బ్రష్ అందదు, పైగా నూనె చుక్క ఏదైనా పడితే నేరుగా రిమ్ మీదే పడుతుంది. గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తడి గుడ్డతో తీసేయండి. ప్రెషర్ పైపు మాత్రం దగ్గరకి తేవద్దు. పైన ఉన్న ఇసుకని అది ఇరుసులోకి తోస్తుంది. ఈ పద్ధతిలో లోటు వెనక బ్రేకు దగ్గర తెలుస్తుంది. సీట్ స్టే (సీటు కింది నుంచి వెనక చక్రం దాకా వెళ్ళే ఫ్రేమ్ గొట్టం) వెనక, ఫ్రేమ్‌కి ఆనుకున్న భాగానికి బ్రష్ అందదు. వానల్లో తిరిగే సైకిల్‌కి మడ్డి పేరుకునేది సరిగ్గా అక్కడే.

ముక్కలుగా విప్పితే ఆ మడ్డంతా పోతుంది, నిజమే. కానీ ఇరుసు నట్టు ఎంత బిగించాలన్నది ఫ్యాక్టరీలో సరిచూసి పంపుతారు. తిరిగి బిగించేటప్పుడు కొంచెం ఎక్కువైతే చేయి పట్టేస్తుంది, తక్కువైతే బ్రేకు వేసినప్పుడు ఊగి కీచుమంటుంది. వాషర్ల వరస తప్పినా అంతే. చేతిని ముందుకీ వెనక్కీ ఊపినప్పుడు లూజు కనిపించినా, కదిపినప్పుడు లోపల ఇసుక నలిగినట్టు ఉన్నా మాత్రమే విప్పాలి. అప్పుడైనా ఆ కంపెనీ మాన్యువల్, ఎంత బిగించామో చూపే టార్క్ రెంచ్ రెండూ దగ్గరుంటేనే. లేకపోతే రోడ్ బైక్‌లు బాగా తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి.

అందుకే నేను మధ్య దారి అంటున్నాను. వైరు తీసేసి, ఫ్రేమ్‌కి పట్టి ఉంచే మౌంటింగ్ బోల్టు విప్పి, క్యాలిపర్‌ని చేతిలోకి తీసుకోండి. ప్యాడ్లు తీసి పక్కన పెట్టి, క్యాలిపర్‌ని సబ్బునీళ్ళలో బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఇరుసుల దగ్గరా, స్ప్రింగు తగిలే చోటా ఒక్కో చుక్క పల్చటి నూనె వేసి, చేతుల్ని పదేపదే కదిపి, పైకి వచ్చిందంతా తుడిచేయండి. మౌంటింగ్ బోల్టు మరలకి కాస్త గ్రీజు, టైటానియం బోల్టులకి యాంటీ-సీజ్ (మరలు పట్టేయకుండా పూసే పేస్టు) పట్టించండి. విశాఖ బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా తిరిగేవాళ్ళు ఇది తప్పక చేయాలి. ఉప్పుగాలికి అల్యూమినియంలోని స్టీలు బోల్టు పట్టేస్తే తర్వాత విప్పేటప్పుడు విరిగిపోతుంది.

దేనితో కడగాలన్న దగ్గర మన మెకానిక్ షాపుల అలవాటు ఒకటి అడ్డొస్తుంది. అక్కడ అన్నిటికీ కిరోసినో పెట్రోలో వాడతారు. చైనుకి కిరోసిన్ పనిచేస్తుంది, బ్రేకు దగ్గర వద్దు. అది ఆరాక జిడ్డు పొర మిగులుతుంది, ప్యాడ్ రబ్బరుని కూడా పాడుచేస్తుంది. బట్టల సోడా లాంటి ఘాటైన క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది, నల్లటి పూత వెలిసిపోతుంది. క్యాలిపర్‌కి సబ్బునీళ్ళే మేలు. రిమ్ మీద బ్రేకు తగిలే పట్టీకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మేలు, ఎలక్ట్రానిక్స్ విడిభాగాల షాపుల్లో దొరుకుతుంది. దాని బదులు శానిటైజర్ జెల్ వాడకండి, అందులోని గ్లిజరిన్ రిమ్ మీద పొరలా మిగిలిపోతుంది.

ప్యాడ్ల మీద మెరుపు పొర కడితే సన్నటి గరుకు కాగితం మీద చదునుగా రుద్దండి. అందులో దిగిన అల్యూమినియం రవ్వల్ని సూదితో ఏరేయండి, అవే రిమ్‌ని గీసేది.

వైరు ఎలాగూ ఊడదీశారు కాబట్టి ఇన్నర్ (లోపలి వైరు), ఔటర్ (దాని పై గొట్టం) రెండూ కొత్తవి వేయడం నా ఉద్దేశంలో మంచి బేరం. తేలికైన క్యాలిపర్‌కి పెట్టిన డబ్బుతో పోలిస్తే ఇది చాలా తక్కువ ఖర్చు, చేతికి తెలిసే తేడా మాత్రం ఎక్కువ. గేర్ల ఔటర్ బ్రేకుకి ఎప్పుడూ వాడకూడదు. దాని లోపలి తీగలు నిలువుగా ఉంటాయి, బ్రేకు ఒత్తిడికి చీలిపోవచ్చు. కోసిన చివరని ఆకురాయితో చదును చేసి, లోపలి ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోతే సూదితో తెరవండి. ఫ్రేమ్ లోపలి నుంచి వైరు వెళ్ళే సైకిల్ అయితే, పాత ఇన్నర్ లాగే ముందే దాని మీదుగా సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఎక్కించండి. దారి పోతే కొత్త వైరు ఎక్కించడానికి గంటలు పడుతుంది.

తిరిగి బిగించేటప్పుడు షిమానో చెప్పే బిగింపు కొలతలివి: మౌంటింగ్ బోల్టు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు, వైరు బోల్టు 6 నుంచి 8, ప్యాడ్ బోల్టు 5 నుంచి 7. తేలికపాటి బ్రేకులకి ఇంతకంటే తక్కువ ఉండొచ్చు, ఎవరి మాన్యువల్ అంకె వాళ్ళదే. బిగించాక లీవర్‌ని పది పదిహేనుసార్లు గట్టిగా లాగండి. ఔటర్ తన చోట్లో కూర్చుంటుంది, వైరు కాస్త వదులవుతుంది, అప్పుడు మళ్ళీ లాగి బిగించాలి.

ప్యాడ్ రిమ్‌కి సమాంతరంగా ఉండాలా, ముందు అంచు ముందుగా తగలాలా అన్నది పాత వాదన. గట్టి క్యాలిపర్‌కి, బ్రేకు అరవకపోతే, సమాంతరమే మేలు. పల్చటి చేతులున్న తేలిక బ్రేకు చక్రం లాగుడికి కొంచెం మెలి తిరుగుతుంది కాబట్టి ముందు అంచు తగిలినప్పుడు వెనక అర మిల్లీమీటరు సందు ఉంచడం మంచిది. అంతకు మించితే లీవర్ మెత్తగా స్పాంజిలా అవుతుంది. ప్యాడ్ పై అంచు టైరుకి తగలకూడదు, కింది అంచు రిమ్ దాటకూడదు. అరిగేకొద్దీ ప్యాడ్ తగిలే చోటు మారుతుంది, అందుకని మధ్యమధ్యలో చూసుకోవాలి. ప్యాడ్ జారి కూర్చునే హోల్డర్ అయితే మూసిన వైపు ముందుకే ఉండాలి. తిరగేసి పెడితే బ్రేకు వేసిన ఊపుకి ప్యాడ్ బయటికి జారిపోతుంది.

కార్బన్ రిమ్ ఉంటే దానికోసం చేసిన ప్యాడ్లే వాడండి. అల్యూమినియం రిమ్ మీద వాడినవి దానికి మార్చొద్దు. కార్బన్ వేడిని త్వరగా వదలదు. అరకు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు అదే పనిగా రాస్తూ పోతే రిమ్‌లో కార్బన్ పోగుల్ని అతికించి ఉంచే రెసిన్ మెత్తబడే ప్రమాదముంది. మలుపుకి ముందు గట్టిగా, కొద్దిసేపు నొక్కి పూర్తిగా వదలండి. అలాంటి దిగుళ్ళు తరచూ ఉండేవాళ్ళకి అల్యూమినియం రిమ్, మామూలు డ్యూయల్ పివట్ (రెండు ఇరుసుల) క్యాలిపర్, కొత్త కేబుళ్ళు మేలని నా అభిప్రాయం. ఎక్కుడులో ఆదా అయ్యే 150, 200 గ్రాముల కోసం దిగుడులో నమ్మకం వదులుకోవాల్సిన పని లేదు.