క్లిప్పులు తీశాక రిటైనర్లతో కొన్నేళ్ళు: టీ మానలేనివాళ్ళ కోసం

పళ్ళ వరుస సరిచేసే క్లిప్పులు తీసినప్పుడు, పళ్ళు మళ్ళీ కదలకుండా నాకు రెండు రిటైనర్లు పెట్టారు. పై పళ్ళకు తగిలించుకుని తీసేసే పారదర్శకమైనది ఒకటి, కింది ముందు పళ్ళ వెనక అతికించిన సన్నటి వైరు ఒకటి. ఆ పనిలో రెంటికీ వంక పెట్టలేను. పేచీ అంతా టీతోనే.

పైదాన్ని పెట్టుకుని మంచినీళ్ళు తప్ప ఏదీ తాగకూడదు. టీ చుక్కలు ప్లాస్టిక్‌కూ పంటికీ మధ్య చిక్కుకుంటే లాలాజలం వాటిని కడగలేదు. వేడికి ప్లాస్టిక్ వంగుతుంది కూడా, అందుకే వేడినీళ్ళతో కడగొద్దంటారు. మసకబారితే కట్టుడు పళ్ళను శుభ్రం చేసే బిళ్ళ వేసిన నీళ్ళలో నానబెడతాను. వాసన పోతుంది, రంగు పూర్తిగా పోదు. అన్నట్టు, ప్లాస్టిక్‌ను పాడుచేయడంలో మన కూరల్లోని పసుపు ముందు టీ దిగదుడుపే.

అసలు గార పట్టేది కింది వైరు దగ్గర. లాలాజలం ఊరేది ఆ పళ్ళ వెనకే కాబట్టి పాచి అక్కడ తొందరగా గట్టిపడుతుంది, దాని మీద టీకి వగరునిచ్చే టానిన్లు చేరి గోధుమరంగుకు తిరుగుతుంది. అద్దంలో కనబడదు, నాలుకకు గరుగ్గా తగులుతుంది. పళ్ళ సందులు శుభ్రం చేసే దారం, అంటే మామూలు ఫ్లాస్, పైనుంచి దిగితే వైరు అడ్డం. కొస బిరుసుగా ఉండే సూపర్‌ఫ్లాస్‌ను వైరు కింద నుంచి దూర్చాలి, లేదా సీసాలు కడిగే బ్రష్షుకు బుల్లి రూపంలా ఉండే ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడాలి. విసుగు పుట్టించే పని, కానీ ఇది చేసిన నెలల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఏ టీ అన్నది కూడా ముఖ్యమే. బరువు తగ్గుదామని బ్లాక్ టీ తాగిన రోజుల్లో మరక బాగా ముదిరింది. పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ టానిన్లను పట్టేసుకుంటుంది కాబట్టి పాల టీ కాస్త నయం. చిగుళ్ళ వాపుకు క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసిచ్చినప్పుడైతే టీ, కాఫీ తగ్గించుకోవడం మేలు. ఆ మౌత్‌వాష్‌కు ఇవి తోడైతే గోధుమ మరకలు ఖాయం.

ముందు వైపు నాకు ఒక కోరపన్ను మీదే పసుపు మచ్చ తేలింది. పన్ను రంగు మారిందనుకుంటే, అది క్లిప్పు అతికించిన జిగురు మిగిలిపోయి టీ రంగు పీల్చుకోవడమట. పాలిష్ చేస్తే పోయింది. ఇలాంటిదానికి తెల్లబరిచే జెల్ దండగ, అది జిగురును తెల్లబరచదు. బొగ్గుపొడి జోలికి నేను వెళ్ళను, ఎనామెల్ అరుగుతుంది.

క్లీనింగ్‌కు కొత్త చోటికి వెళ్తే, కుర్చీ ఎక్కగానే వైరు సంగతి చెప్పండి. పనయ్యాక ప్రతి పంటి దగ్గరా జిగురు గట్టిగా ఉందో లేదో చూడమనండి. ఒక్క చోట ఊడినా వైరు వేలాడదు, ఆ పన్ను మాత్రం మెల్లగా పక్కకు జరిగిపోతుంది.