ధ్రువాల మంచు మందం కొలవడానికి ఏది మేలు: రాడారా, లేజరా, భూమ్యాకర్షణా?

ఈ మూడింటిలో ఏది మేలన్నది మనం అడుగుతున్నది తేలే మంచు గురించా, నేల మీద పేరుకున్న మంచు గురించా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందు తేలే మంచు సంగతి చూద్దాం. భావనపాడు తీరంలో చేపల కోసం దింపే ఐసు దిమ్మను ఉప్పునీటి తొట్టెలో వేస్తే దాదాపు పదో వంతు మాత్రమే పైకి కనబడుతుంది. ఉపగ్రహానికి అందేది ఆ కొద్దిపాటి ఎత్తే. మిగిలిన మందమంతా లెక్క కట్టవలసిందే కాబట్టి, ఎత్తులో ఒక్క సెంటీమీటరు తప్పితే మందంలో ఇంచుమించు పది సెంటీమీటర్లు తప్పుతుంది. దిమ్మ మీద ఊక కప్పి ఉంటే చిక్కు ఇంకా పెరుగుతుంది. ధ్రువాల దగ్గర ఆ ఊక, కురిసి పేరుకున్న పొడి మంచు. ఐరోపా అంతరిక్ష సంస్థ 2010లో పంపిన క్రయోశాట్-2 రాడారు తరంగాలు చలికాలంలో దీన్ని చాలావరకు దాటి గట్టి మంచును తాకుతాయి. నాసా 2018లో పంపిన ఐస్‌శాట్-2 ఆకుపచ్చ లేజరు కాంతి పైపొర నుంచే తిరిగి వస్తుంది. సెకనుకు 10,000 సార్లు వెలిగే ఆ లేజరు ప్రతి 70 సెంటీమీటర్లకు ఒక కొలత తీయగలదు గానీ, తిత్లీ తుపాను నాడు మన తీరాన్ని కమ్మినంత దట్టమైన మేఘం అడ్డొస్తే దానికేమీ కనబడదు. రాడారుకు మేఘం లెక్కలేదు. అయితే అది ఒక్కసారికి చూసే మేర పెద్దది. పైగా వేసవిలో మంచుపై నిలిచే మడుగులను చీలికల్లోని సముద్రపు నీరుగా పొరబడుతుంది. రెండు కొలతల తేడాయే పొడి మంచు లోతు కనుక, 2020లో క్రయోశాట్-2 కక్ష్యను మార్చి రెండింటి దారులూ తరచూ కలిసేలా చేశారు. ఒక్కటే ఎంచుకోమంటే, 2010 నుంచి తెగకుండా లెక్క ఉన్నందుకు నేను రాడారునే ఎంచుకుంటాను. 2013లో మన శ్రీహరికోట నుంచి ఎగిరిన భారత-ఫ్రెంచి ఉపగ్రహం సరళ్‌లోనూ రాడారే ఉంది.

కళింగపట్నం దగ్గర కడలి మట్టం పెరుగుదలే మన చింత అయితే, తేలే మంచు కరగడం వల్ల అది పెరగదనే చెప్పవచ్చు. గ్రీన్‌లాండ్, అంటార్కిటికా నేలల మీది మంచే లెక్కలోకి వస్తుంది. అక్కడ ఎత్తు తగ్గినంత మాత్రాన మంచు పోయినట్టు కాదు, పొడి మంచు గట్టిపడి కుంగినా ఎత్తు తగ్గుతుంది. సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనుక ఒకటి తిరిగే గ్రేస్ జంట ఉపగ్రహాలు ఎత్తును పట్టించుకోవు. కింద ఉన్న రాశి ఆకర్షణకు తమ మధ్య దూరం ఎంత మారిందో చూసి మంచు బరువునే తూస్తాయి. గ్రీన్‌లాండ్ ఏటా సగటున 25,000 కోట్ల టన్నులకు పైగా కోల్పోతోందని తేల్చిన తూకమిదే. 36,000 కోట్ల టన్నులు సముద్రంలో కలిస్తే ప్రపంచమంతటా మట్టం సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది.

ఈ ఆకర్షణ తూకం లోపం చూపు మసక కావడం. శ్రీకాకుళం జిల్లా అంతటి హిమానీనదం కూడా దానికి విడిగా కనబడదు. పాత మంచు బరువు తొలగి మెల్లగా పైకి లేస్తున్న నేల ప్రభావాన్ని కూడా లెక్కలోంచి తీసివేయాలి. అందుచేత నేల మీది మంచుకు మొత్తం నష్టం ఆకర్షణతోనూ, ఏ లోయలో ఎంత పోయిందన్నది లేజరుతోనూ తేల్చడమే సబబు. మొదటి గ్రేస్ జంట 2017లో ఆగిపోయి, రెండోది 2018 మే నెలలో ఎగిరేదాకా మిగిలిన ఖాళీలో ఎత్తు కొలతలు అక్కరకొచ్చాయి.