కెమెరాతో నమీబియా, చోబే: ఎక్కడ ఉండాలి, దేనికి ఖర్చు పెట్టాలి

నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో బండి అద్దెకి తీసుకుని సెస్రియెం, స్వాకోప్‌మండ్, స్పిట్స్‌కోపె, ఎటోషా నేషనల్ పార్కు మీదుగా బోట్స్వానాలో చోబే నది ఒడ్డున ఉన్న కసానె చేరడం ఫొటోలు తీసేవాళ్లకి బాగా కుదిరే దారి. బస ఎంచుకునేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: అది పార్కు గేటుకి లోపలుందా, బయటుందా? గది సోకులు ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఎందుకంటే నమీబ్ ఎడారి ఇసుక దిబ్బలకి దారి తీసే సెస్రియెంలో రెండు గేట్లున్నాయి. బయటి గేటు సూర్యోదయానికి తెరుస్తారు. లోపలి గేటు అంతకు గంట ముందే తెరుస్తారు, కానీ సెస్రియెం క్యాంప్‌సైట్, సోసస్ డ్యూన్ లాడ్జ్ లాంటి లోపలి బసల్లో ఉన్నవాళ్లకే. అక్కడి నుంచి మామూలు కార్లు ఆగే చోటుకి తారురోడ్డు మీద 60 కిలోమీటర్లు, వేగ పరిమితి గంటకి 60. ఆపైన 5 కిలోమీటర్ల ఇసుక దారి, చివర ఎండిన చెట్లున్న తెల్లటి మడుగు డెడ్‌వ్లైకి కిలోమీటరు పైచిలుకు నడక. బయట ఎంత ఖరీదైన లాడ్జ్‌లో పడుకున్నా అసలు వెలుతురు పోయాకే చేరతారు. లోపలి క్యాంప్‌సైట్‌లో టెంటే నయం.

డెడ్‌వ్లైలో దాదాపు ఆరేడు వందల ఏళ్ల కిందట ఎండిపోయిన ముళ్లతుమ్మలు ఇంకా నిలబడే ఉన్నాయి. తెల్లారేసరికి చుట్టూ ఉన్న దిబ్బల నీడ తెల్లటి నేలంతా కప్పేసి ఉంటుంది, పడమటి దిబ్బ మీద మాత్రం ఎండ పడి నారింజ రంగు తేలుతుంది. నల్లటి చెట్టు, వెనక నారింజ గోడ, కింద నీలి ఛాయ నేల: కావలసింది ఈ కాసేపే. 70-200 లెన్స్‌తో దూరంగా నిలబడితే దిబ్బ చెట్టు వెనక్కి దగ్గరగా జరిగినట్టు వస్తుంది. ఎపర్చర్ ఎఫ్/11 పెట్టి, ఎక్స్‌పోజర్ దిబ్బ మీద కొలవాలి. కొమ్మ మీద కొమ్మ పడకుండా అడుగు అటూ ఇటూ జరిగి చూడాలి. ఎండ నేల మీదికి దిగాక తెలుపు కాలిపోతుంది, అప్పుడు వైడ్ లెన్స్‌తో పగుళ్లు తీసుకోవడమే. చెట్లని ముట్టుకోవద్దు. లెన్స్ మార్చడం కారు లోపలే, అద్దాలు ఎత్తి. సెన్సార్ మీద ఇసుక పడితే బ్లోయర్‌తోనే ఊదాలి; గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి.

ఆ చివరి 5 కిలోమీటర్లలో ఇరుక్కునే బండ్లు ఎక్కువ, కారణం దాదాపు ఎప్పుడూ టైర్లో గాలే. తారు మీద 32 పీఎస్ఐ ఉంటే, కంకర రోడ్డుకి 26కి, మెత్తటి ఇసుకకి 17-18కి దించాలి. గాలి తగ్గితే టైరు నేలని పొడుగ్గా పట్టుకుంటుంది, దిగబడదు. ఇసుకలోకి దిగకముందే ఫోర్‌వీల్ డ్రైవ్‌ని లో-రేంజ్ (4L) గేర్లో వేసి, ఆగకుండా ఒకే వేగంతో పోవాలి. ఆగిపోతే యాక్సిలరేటర్ తొక్కొద్దు. చక్రం తిరిగినకొద్దీ గొయ్యి లోతవుతుంది. దిగి, ఇసుక తోడి, 15కి దించి, వచ్చిన గాడిలోనే రివర్స్ తీయాలి. తారెక్కగానే గాలి కొట్టించాలి, లేకపోతే టైరు వేడెక్కి పగులుతుంది. ఇదంతా వద్దనుకుంటే పార్కింగ్ దగ్గర షటిల్ బండ్లున్నాయి, కానీ మొదటి ట్రిప్ ఎన్నింటికో ముందురోజే కనుక్కోండి.

అద్దె బండిలో రెండు స్టెప్నీలు, కంప్రెసర్, ప్రెషర్ గేజ్ ఉన్నాయో లేదో తాళాలు తీసుకునేముందే చూసుకోవాలి. మామూలు ఇన్సూరెన్స్‌లో టైర్లూ అద్దాలూ చాలాసార్లు ఉండవు; కంకర రోడ్ల మీద పోయేవి అవే. వాటికి విడిగా కట్టడం దండగ కాదు. డ్రైవింగ్ మనలాగే ఎడమవైపు. గుంపుగా వెళ్లే ఓవర్‌ల్యాండ్ ట్రక్కు చవకే, వంటా టెంటూ వాళ్లే చూస్తారు. కానీ ఎండ నెత్తి మీదున్నప్పుడు చేరి, జంతువు కదలబోయేలోపు బయల్దేరే టైంటేబుల్‌తో ఫొటోలు రావు. ట్రక్కే ఎక్కాలనుకుంటే రాత్రి ఏ క్యాంప్‌సైట్‌లో ఆపుతారో పేరు చెప్పించుకుని డబ్బు కట్టండి.

స్వాకోప్‌మండ్‌లో సామాన్లు నింపుకోవడానికి ఒక పూట చాలు. పక్కనే వాల్విస్ బే మడుగులో ఫ్లెమింగోలున్నాయి. స్పిట్స్‌కోపెలో మాత్రం ఒక రాత్రి ఉండి తీరాలి. స్థానికులే నడిపే క్యాంప్‌సైట్, నీళ్లు మీరే తెచ్చుకోవాలి. గ్రానైట్ తోరణం మీద పాలపుంత కోసం జూన్-ఆగస్టు మధ్య అమావాస్య దగ్గర్లో వెళ్లండి: 14 మి.మీ., ఎఫ్/2.8, 20 సెకన్లు, ఐఎస్ఓ 3200.

ఎటోషాకి జూన్-అక్టోబర్ సరైన కాలం. బయట నీళ్లు ఎండిపోయి జంతువులన్నీ నీటి గుంటల దగ్గరికే వస్తాయి. పార్కులోని ఒకౌకుయెహో (Okaukuejo) క్యాంపుని ఆనుకునే ఫ్లడ్‌లైట్లున్న గుంట ఉంటుంది. గుంట ఎదురుగా ఉన్న ఖరీదైన చాలెట్లు అవసరం లేదు. టెంటులో ఉన్నవాళ్లు కూడా అదే రాతి గోడ వెనక కూర్చుంటారు. సాయంత్రం సూర్యుడు గుంట వెనకే దిగుతాడు కాబట్టి అప్పుడు సిల్హౌట్లు (వెలుగు ముందు నల్లటి ఆకారాలు), పొద్దున్న నిండు వెలుతురు. రాత్రి నల్ల ఖడ్గమృగాలు వస్తాయి. అవి నీళ్లు తాగుతూ కదలకుండా నిలబడ్డప్పుడు ఎఫ్/2.8, 1/60, ఐఎస్ఓ 3200 నుంచి 6400. ట్రైపాడ్ కిందికి దించితే నీళ్లలో నీడ కూడా వస్తుంది. ఫ్లాష్ వాడొద్దు. ఎటోషాలోనే మరో క్యాంపు హలాలిలోని మొరింగా గుంట ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది, అక్కడా ఒక రాత్రి పెట్టుకోండి.

పగలు తొమ్మిది, పది దాటితే మైదానం మీద వేడి గాలి కదిలి టెలిఫొటో ఫొటోలు మెత్తబడతాయి. దాన్ని ఫోకస్ తప్పనుకుని కెమెరా సెట్టింగులు మార్చుకుంటూ కూర్చోవద్దు. దగ్గరగా ఉన్న జంతువునే తీయండి. తెల్లటి నేల కెమెరా మీటర్‌ని మోసం చేస్తుంది, ఎక్స్‌పోజర్ +0.7 పెంచి హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫు) చూసుకోవాలి. కిటికీ మీద బీన్‌బ్యాగ్ ట్రైపాడ్ కన్నా మేలు. ఖాళీ సంచి తీసుకెళ్లి అక్కడే బియ్యంతో నింపుకుంటే సామాను బరువు తగ్గుతుంది. ఇంజిన్ ఆపకపోతే ఆ అదురు ఫొటోలోకి వస్తుంది.

పశువుల వ్యాధులు అడ్డుకునే కంచెల దగ్గరా బోట్స్వానా సరిహద్దులోనూ పచ్చి మాంసం, పాల పదార్థాలు పట్టుకుంటారు. అటు వెళ్లేముందే తినేయండి. సరిహద్దు దాటేందుకు బండి ఓనరు ఉత్తరం తప్పనిసరి. ఎటోషా నుంచి చోబే దాకా మలేరియా ఉంది, మందులు డాక్టరుని అడిగే బయల్దేరాలి.

చోబేలో మాత్రం లాడ్జ్ మీద తగ్గించి పడవ మీద ఖర్చు పెట్టమంటాను. కసానెలో మామూలు గదిలో ఉండి, తిరిగే కుర్చీలూ లెన్స్ స్టాండ్లూ ఉన్న ఫొటో పడవ పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి తీసుకోండి. జీపు మీంచి ఏనుగుని పైనుంచి చూస్తాం; పడవలో దాని కంటికి సమానంగానో కిందనో ఉంటాం. పైగా దక్షిణార్ధగోళంలో సూర్యుడు ఉత్తరం వైపు నడుస్తాడు, జంతువులు దిగే బోట్స్వానా గట్టు దక్షిణాన ఉంది. అంటే నదిలోంచి చూస్తే వెలుతురు మీ వెనకనుంచే పడుతుంది. ఆగస్టు-అక్టోబర్ సాయంత్రాలు ఏనుగులు ఈదుకుంటూ సెడుడు దీవికి దాటుతాయి. షట్టర్ వేగం 1/1600 కన్నా తగ్గకుండా ఉంచండి. అందరూ ఎక్కే పెద్ద పడవలో జనం ఒకవైపుకి జరగ్గానే అది ఊగుతుంది, పడవ నడిపేవాడూ మీకోసం ఆగడు.

నమీబియాలో చార్జింగ్‌కి అడాప్టర్ కొనక్కర్లేదు. అక్కడి సాకెట్లలో మనిళ్లలో గీజర్‌కి వాడే 15 ఆంపియర్ల గుండ్రటి మూడు కాళ్ల ప్లగ్గే పడుతుంది. అలాంటి ప్లగ్గున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి ఇంటినుంచే తీసుకెళ్తే కెమెరా, ఫోన్, లాప్‌టాప్ అన్నీ ఒకేసారి పెట్టుకోవచ్చు.