మెరైన్ గ్యాస్ ఆయిల్: నా మార్కులు పదికి ఏడు

కొట్లో దొరికే సరుకు కాదు కాబట్టి దీనికి రివ్యూలు రాసేవాళ్లు తక్కువ. తొమ్మిదేళ్లుగా ఓడ ఇంజన్ రూమ్‌లో దీనితో వేగుతున్నాను కాబట్టి నేనే రాస్తున్నా. ఓడ ఇంజన్లలో మండించే, డీజిల్ లాంటి పల్చటి నూనె ఇది; గంధకం 0.10 శాతానికి మించదు. అమెరికా, కెనడా తీరాల దగ్గర, బాల్టిక్, నార్త్ సీలలో, 2025 మే నుంచి మధ్యధరా సముద్రంలోనూ ఓడల నూనెలో గంధకానికి ఇదే హద్దు. మన విశాఖ, కాకినాడ వచ్చే ఓడలకు మాత్రం 0.50 శాతం దాకా ఉన్నా చాలు.

పాత హెవీ ఆయిల్ తారులా ఉండేది. 130 డిగ్రీల దాకా కాస్తేగానీ ఇంజన్‌లోకి ఎక్కదు. గంధకం 3.50 శాతం దాకా ఉన్నా 2019 చివరి వరకు అడిగే నాథుడు లేడు. పొద్దున్నే డెక్ రెయిలింగ్ పట్టుకుంటే అరచేతికి మసి.

మారిస్తే ఎంత తేడా? 2010లో కాలిఫోర్నియా తీరంలో ఒక కంటైనర్ ఓడ పొగను విమానంలోంచి కొలిచారు. నూనె మార్చి, వేగం తగ్గించాక సల్ఫర్ డయాక్సైడ్ 91 శాతం, సన్నటి రేణువులు 90 శాతం తగ్గాయి. నాలుగు మార్కులు దీనికే.

ఇక తలనొప్పి, వేడి చేసి వాడే చిక్కటి నూనె నుంచి దీనికి మారేటప్పుడు. వేడెక్కిన పంపులోకి చల్లటి పల్చటి నూనె ఒక్కసారిగా వస్తే లోపల నూనెను నెట్టే కడ్డీ, ప్లంజర్, బిగుసుకుపోతుంది. నూనె వేడిని నిమిషానికి రెండు డిగ్రీలకు మించకుండా దించాలి. ఒక ఓడలో నేను తొందరపడ్డాను. రేవులోకి దారి చూపించే పైలట్ ఓడ ఎక్కడానికి గంటన్నర ఉందనగా ఒక జనరేటర్ ఆగింది. చెమటలు కక్కుతూ పంపు విప్పుతుంటే, మా చీఫ్ ఇంజనీర్, కాకినాడ ఆయన, పక్కనే నిలబడి "ఏవయ్యా, కొంపేమైనా మునిగిందా? మెల్లగా దించలేవూ?" అన్నారు. ఓడ మీద అడగాల్సిన మాటేనా అది!

ఒక మార్కు కోత అందుకు, ఒకటి ధరకు. మూడోది నైట్రోజన్ ఆక్సైడ్లకు. సిలిండర్‌లోని వేడికి గాలిలోని నత్రజనే ఆక్సైడ్లుగా మారుతుంది, నూనెలో గంధకం తీసేస్తే అది ఆగదు. కార్బన్ డయాక్సైడ్ కూడా దాదాపు అంతే. పొగ కనిపించనంత మాత్రాన 'గ్రీన్ షిప్' అని చెప్పుకునేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది.

మూడు నెలలుగా అమెరికా, కెనడా రేవుల మధ్యే తిరుగుతున్నాం. ఇంజన్ రూమ్‌లో వేసుకునే నా బాయిలర్ సూట్ ఇంకా నారింజ రంగులోనే ఉంది.