చాల్డీనీ, కానెమన్, సురోవికీ: మార్కెటర్ ముందు ఏది చదవాలి?

మార్కెటింగ్‌లో ఉన్నవాళ్లకి ఒక్క పుస్తకం చెప్పమంటే అందరి నోటా ముందు వచ్చేది రాబర్ట్ చాల్డీనీ ‘ఇన్‌ఫ్లుయెన్స్’ (1984). ఎదుటివాళ్లని ఒప్పించే సూత్రాల పుస్తకమిది. చదవడం తేలిక, చదివిన రోజే వాడుకోవచ్చు. చిక్కల్లా దాన్ని కిటుకుల జాబితాలా వాడటంతోనే. ‘చాలామంది ఇంకా ప్రొఫైల్ పూర్తి చేయలేదు’ అని మెయిల్ పంపితే, పూర్తి చేయకపోవడమే మామూలని పాఠకుడికి అర్థమవుతుంది. సోషల్ ప్రూఫ్ (నలుగురూ చేసేదే సరైనదనుకోవడం) ఎదురు తిరగడమంటే ఇదే. కొనేట్టయితే 2021 ఎడిషన్ కొనండి, అందులో ‘యూనిటీ’ (మనం మనం ఒకటే అన్న భావన) అనే ఏడో సూత్రం కూడా ఉంది.

డేనియల్ కానెమన్ ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’ (2011) లోతైనది. కానీ 38 అధ్యాయాలు, సగంలో ఆపేసేవాళ్లే ఎక్కువ. వరసగా చదవక్కర్లేదు. ధరలు పెట్టేవాళ్లకి 11 (యాంకర్లు: మొదట చూసిన అంకె అంచనాని లాగడం), 26 (ప్రాస్పెక్ట్ థియరీ: లాభం కన్నా నష్టం ఎక్కువ బాధించడం), 34 (ఫ్రేమింగ్: చెప్పే తీరుని బట్టి నిర్ణయం మారడం) ముందు. ప్రైమింగ్ (ముందు చూసిన మాట తెలియకుండానే ప్రవర్తనని మార్చడం) గురించి చెప్పే 4వ అధ్యాయాన్ని మాత్రం నమ్ముకోకండి. అందులోని ప్రయోగాలు కొన్ని మళ్లీ చేస్తే నిలబడలేదు. చిన్న శాంపిళ్లను అతిగా నమ్మానని 2017లో ఆయనే ఒప్పుకున్నారు.

ఈ రెండూ ఒక్క మనిషి మనసు గురించే ఎక్కువ చెబుతాయి. క్యాంపెయిన్ చెడేది చాలాసార్లు కొనేవాడి దగ్గర కాదు, మన మీటింగ్ గదిలో. అందుకే నా మొగ్గు జేమ్స్ సురోవికీ ‘ది విజ్‌డమ్ ఆఫ్ క్రౌడ్స్’ (2004) వైపు. గుంపు అంచనాల గురించిన ఆ పుస్తకం మొదలయ్యేది ఈ కథతోనే: 1906లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ సంతలో ఒక ఎద్దు మాంసం ఎంత తూగుతుందో 787 మంది చీటీల మీద రాశారు. శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ లెక్కలో మధ్యస్థం (అంకెలన్నీ వరసగా పెడితే నడిమిది) 1,207 పౌండ్లు, అసలు బరువు 1,198. తేడా ఒక శాతం కూడా లేదు. అసలు కీలకం, ఎవరి చీటీ వాళ్లు రాసుకున్నారు. అదే గుంపుని బల్ల చుట్టూ కూర్చోబెట్టి అడిగితే, మొదట నోరు విప్పినవాడి అంకె చుట్టూనే మిగతావి తిరుగుతాయి. ఫోకస్ గ్రూపులు (కొనేవాళ్లని కొందరిని కూర్చోబెట్టి అభిప్రాయం అడగడం) బోల్తా కొట్టేదీ ఇక్కడే.

కాబట్టి కొత్త ప్రకటనకి క్లిక్ రేటు (చూసినవాళ్లలో నొక్కేవాళ్ల శాతం) ఎంత రావచ్చో చర్చకి ముందే ప్రతి ఒక్కరూ విడిగా రాసివ్వాలి. ఐదారుగురు చాలు. పేర్లు లేకుండా అంకెలు బోర్డు మీద పెట్టి, మధ్యస్థం తీసి, బాగా పైనా బాగా కిందా ఉన్నవాళ్ల కారణాలు ముందు వినాలి. టీం హెడ్ చివర్లో మాట్లాడాలి. ఒక్క జాగ్రత్త: అందరూ ఒకే తానులో ముక్కలైతే మధ్యస్థమూ తప్పే చెబుతుంది. సేల్స్ నుంచి ఒకరిని, కస్టమర్ సపోర్ట్ నుంచి ఒకరిని కూర్చోబెట్టండి.

సురోవికీలో గుంపు గెలిచిన కథలే ముందు కనిపిస్తాయి. ఓడిన కథలకి ఇర్వింగ్ జానిస్ ‘విక్టిమ్స్ ఆఫ్ గ్రూప్‌థింక్’ (1972) జతచేసుకోండి; బే ఆఫ్ పిగ్స్ (1961లో క్యూబా మీద అమెరికా చేయించి విఫలమైన దాడి) అధ్యాయం ఒక్కటి చదివినా చాలు.

కొనేవాడి మనసులో బ్రాండ్‌కి చోటు సంపాదించడం గురించిన రీస్, ట్రౌట్‌ల ‘పొజిషనింగ్’ చిన్నది, ఉదాహరణలు పాతబడ్డాయి. కానెమన్ మరో ఇద్దరితో కలిసి రాసిన ‘నాయిస్’ (2021) తర్వాత చూసుకోవచ్చు.

టీం లేకుండా ఒక్కరే కాపీ రాసుకునేవాళ్లయితే మాత్రం చాల్డీనీతోనే మొదలుపెట్టండి.