ఆ డ్రాపర్ బొమ్మ కోసమే ఫైర్‌ఫాక్స్

బ్రౌజర్‌కు తగిలించుకునే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ ప్రకటనలను ఆపుతుందని ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. అది ఉచితమనీ, తయారుచేసిన రేమండ్ హిల్ విరాళాలు కూడా పుచ్చుకోడనీ వాడేవాళ్లలో చాలామందికి తెలుసు. నేను చెప్పదలచుకున్నది దాని మెనూలో ఒక మూలన ఉండే చుక్కలమందు డ్రాపర్ బొమ్మ గురించి. ఆండ్రాయిడ్ ఫోనులో ఇన్నేళ్లుగా ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ను వదలకపోవడానికి ఆ బొమ్మే కారణం.

తెలుగు వార్తల సైట్లను ఫోనులో చదివేవారికి ఈ బాధ తెలుసు. వార్త మూడు వాక్యాలు సాగగానే "ఇది కూడా చదవండి" అంటూ నాలుగు శీర్షికలు. ఇంకో రెండు వాక్యాలకు వాట్సాప్ ఛానల్‌లో చేరమనే పచ్చ పెట్టె. అడుగున తేలుతూ వెంటపడే వీడియో, దాని మూలన వేలికి దొరకని ఇంటూ గుర్తు. ఇవేవీ బయటి ప్రకటనలు కావు, సైటు సొంత సరుకే. అందుకే ఏవేవి ఆపాలో యూబ్లాక్‌కు చెప్పే మామూలు జాబితాలు వీటిలో చాలావాటిని వదిలేస్తాయి. డ్రాపర్ నొక్కి ఆ పెట్టెను తాకితే దాని మీద ఎర్రటి రంగు పరుచుకుంటుంది. కింద ఉన్న స్లైడర్‌ను జరిపితే ఎంపిక పెద్దదీ చిన్నదీ అవుతుంది. సరేనని నొక్కితే ఆ పెట్టె ఆ సైటులో శాశ్వతంగా మాయం. పక్కనే మెరుపు బొమ్మ కూడా ఉంది కానీ, దాని ప్రభావం పేజీ మళ్లీ తెరిచేదాకానే. నాకు తాత్కాలిక శాంతి మీద పెద్దగా ఆసక్తి లేదు.

ఇలా ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే చివరికి శీర్షిక, ఫొటో, వార్త మిగులుతాయి. ఆ పేజీ చూసి మా నాన్న "నా ఫోనులో కూడా ఇదే పేపరు పెట్టరా" అన్నారు. అది వేరే పేపరు కాదని నమ్మించడానికి కొంచెం సమయం పట్టింది.

ఫోను క్రోమ్‌లో ఈ పని కాదు. ఆండ్రాయిడ్ ఫోన్ల క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లే పెట్టుకోలేం. కంప్యూటర్ క్రోమ్‌లో ఉన్న వెసులుబాటును గూగుల్‌వాళ్లు మ్యానిఫెస్ట్ వి3 అనే కొత్త ఎక్స్‌టెన్షన్ నిబంధనల పేరుతో 2024లో తగ్గించడం మొదలుపెట్టి 2025లో పూర్తిగా తీసేశారు. పేజీ అడిగే ప్రతి ఫైలునూ అప్పటికప్పుడు పరిశీలించి ఆపే అధికారం ఎక్స్‌టెన్షన్లకు పోయింది. ముందే రాసిచ్చిన నియమాలను బ్రౌజరే అమలు చేస్తుంది. దానికి తగ్గట్టు రేమండ్ హిల్ యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అనే తమ్ముడిని తెచ్చారు. అది చాలనేవాళ్లు ఉన్నారు, నేను వాళ్లతో వాదించను.

ఇక సంక్రాంతి టికెట్ సంగతి. ఊరికి వెళ్లే బస్సుల్లో సీట్లు కరిగిపోతున్న రోజులవి. పేరు చెప్పనుగాని, ఒక బుకింగ్ సైటులో కిటికీ పక్క సీటు దొరికింది. పేర్లు, వయసులు, ఫోను నంబరు అన్నీ నింపి "చెల్లించండి" నొక్కాను. ఏమీ జరగలేదు. పొరపాటు సందేశం లేదు, చక్రం తిరగడం లేదు, పైన గడియారం మాత్రం సెకన్లు లెక్కపెడుతోంది. యూబ్లాక్‌ను ఆ సైటుకు ఆపేసి పేజీని మళ్లీ తెరిచేసరికి అదే సీటు "వేరొకరి ఎంపికలో ఉంది" అని చూపించింది. ఆ వేరొకరు నేనే! గడువు తీరి సీటు విడుదలయ్యేలోపు ఇంకెవరో ఎగరేసుకుపోయారు. చివరి వరుసలో, చక్రం మీద కూర్చుని ప్రయాణం చేశాను.

తర్వాత తీరిగ్గా, పేజీలో ఏవేవి ఆపిందో చూపించే యూబ్లాక్ లాగర్ తెరిచి చూస్తే విషయం తెలిసింది. మనం బటన్ నొక్కగానే ఆ సైటు మొదట చేసే పని డబ్బు తీసుకోవడం కాదు, మనం నొక్కామన్న కబురు ఒక నిఘా స్క్రిప్టుకు చేరవేయడం. ఆ స్క్రిప్టును జాబితా ఆపేసింది. లేని దాన్ని పిలిచేసరికి కోడ్ అక్కడే ఆగిపోయింది, చెల్లింపు వరకూ పోనేలేదు. పేరున్న నిఘా స్క్రిప్టులు కొన్నింటికి యూబ్లాక్ దగ్గర ఉత్తుత్తి ప్రతులు ఉంటాయి. పిలిస్తే పలికినట్టు నటించి ఏమీ చేయవు, పేజీ కూడా తృప్తిపడి ముందుకు సాగుతుంది. ఈ సైటు వాడింది అంతగా పేరులేని స్క్రిప్టు కాబట్టి ఆ ఏర్పాటు లేదు. తప్పు సైటుదే అంటాను. సీటు పోయింది మాత్రం నాది.

నాన్న ఫోనులో ఇదే జరిగితే ఆయన లాగర్ తెరవరు కదా. ఒకసారి ఏదో పేజీ తెల్లగా వస్తోందని ఫోను చేస్తే, "మూడు చుక్కలు నొక్కు నాన్నా, ఎక్స్‌టెన్షన్లలోకి వెళ్లు, పెద్ద నీలం బటన్ కనిపిస్తుంది" అని చెప్పుకొచ్చాను. ఆయన మధ్యలోనే "పోనీలే, టీవీలో చూస్తాను" అని పెట్టేశారు. ఆయన వాడకం ఇప్పుడు సగం క్రోమ్‌లోనే.

డ్రాపర్‌తో తీసేసింది శాశ్వతం అన్నాను. సైటువాళ్లు పేజీని మార్చనంత వరకు అని కలుపుకోవాలి. మనం రాయించిన నియమం ఆ పెట్టెకు కోడ్‌లో పెట్టిన పేరును పట్టుకుని ఉంటుంది. పేరు మారితే పచ్చ పెట్టె మళ్లీ ప్రత్యక్షం. కొన్ని సైట్లు ఆ పేర్లను తరచూ మారుస్తూనే ఉంటాయి. అక్కడ నేను ఓటమి ఒప్పుకుని వేరే సైటులో అదే వార్త చదువుకుంటాను. రెండు మూడు చిన్న సాహిత్య పత్రికలకు మాత్రం నేనే యూబ్లాక్ ఆపి ఉంచాను. వాటిలో ప్రకటన అంటే పేజీ చివర ఒక చిన్న బొమ్మ, దానివల్ల నాకు వచ్చిన నష్టమేమీ లేదు.

రోజూ గంటసేపు ఫోనులో చదివే అలవాటు, కాస్త కెలికే ఓపిక ఉన్నాయి కాబట్టి నాకు ఇది బాగుంది. వీడియోలూ వార్తలూ యాప్‌లలోనే చూసేవారికి దీనితో లాభం లేదు, ఇది పనిచేసేది బ్రౌజర్‌లోనే. ఐఫోను ఫైర్‌ఫాక్స్‌లో ఈ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోలేరు. ఆండ్రాయిడ్‌వారు పెట్టుకున్నా క్రోమ్‌ను తీసేయకండి, పండగ టికెట్లకు అదే వాడండి.