మ్యూనిక్‌లో అమ్మానాన్నల్ని బవేరియన్ రెస్టారెంట్‌కి తీసుకెళ్తున్నారా? ముందు ఇది చదవండి

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, నిద్ర పట్టక ఇప్పుడే రాస్తున్నా. ఇంట్లో శాకాహారులు ఉన్నవాళ్ళు ఊరి నడిబొడ్డున ఉన్న మరియెన్‌ప్లాట్జ్ కూడలి చుట్టుపక్కల పాతకాలపు బవేరియన్ (మ్యూనిక్ ఉన్న జర్మన్ రాష్ట్రం బవేరియా) హోటళ్ళకి వెళ్ళేముందు జాగ్రత్త. చెక్క గోడలు, పొడుగు బల్లలు, లెడర్‌హోజన్ అనే తోలు నిక్కర్లు వేసుకున్న సర్వర్లు, మీకు తెలిసిన బాపతే. పేరు రాయట్లేదు.

అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చారు. నాన్నకి కోడి వేపుడు చెప్పాం, దాంతో ఇబ్బంది లేదు. అమ్మ బుద్ధెరిగాక మాంసం ముట్టలేదు. కేకులో పడే గుడ్డు వరకు పర్వాలేదంటుంది కాబట్టి కేజెష్పెట్స్‌లె చెప్పాను. గుడ్డు కలిపిన పిండితో చేసే పొట్టి నూడుల్స్, వాటిలో కరిగిన చీజ్, పైన కరకరలాడే ఉల్లిపాయలు. మెనూలో ఆ వంటకం దగ్గర మాంసం ఊసే లేదు. అయినా సర్వర్‌ని జర్మన్‌లోనే విడమరిచి అడిగాను. మాంసం వద్దు, పంది వద్దు, చేప వద్దు, మా అమ్మ అసలు తినదు అని చెప్పాను. "ఏమీ ఉండదు, హాయిగా తినండి" అన్నాడు. కిచెన్‌లో ఒకసారి కనుక్కోమంటే, అక్కర్లేదు నాకు తెలుసు అన్నాడు.

ప్లేటు వచ్చింది. అమ్మ కొంచెం తిని ఆగిపోయింది. నోట్లోంచి ఏదో తీసి ప్లేటు అంచున పెట్టి, "ఒరేయ్ నాన్నా, ఇది ఉల్లిపాయ కాదురా, సాగుతోంది" అంది. నేను ఫోర్కుతో ఉల్లిపాయలు జరిపి చూశాను. కింద అంతటా గులాబీ రంగు ముక్కలు, ఒక పక్క తెల్లటి కొవ్వు. పంది బేకన్, జర్మన్‌లో ష్పెక్ అంటారు.

సర్వర్‌ని పిలిచి చూపించాను. వాడు ఏమన్నాడో తెలుసా? "అది మాంసం కాదు, ష్పెక్. రుచి కోసం నాలుగు ముక్కలు వేస్తారు." మా అమ్మ తినదని నీకు ముందే చెప్పాను కదా అంటే, వంగి అమ్మ ముందున్న ఫోర్కు తీసుకుని, ఆమె ప్లేటులోనే ముక్కలు ఒక్కొక్కటీ అంచుకి నెట్టడం మొదలుపెట్టాడు. "ఇదిగో, ఇప్పుడు శాకాహారం" అన్నాడు. పక్క బల్ల వాళ్ళతో ఏదో అని నవ్వాడు. మళ్ళీ మావైపు తిరిగి, "ఇది బవేరియా, ఇండియా కాదు" అన్నాడు.

అమ్మకి ఆ మాటలు అర్థం కాలేదు. "ఆ అబ్బాయి ఎందుకు నవ్వుతున్నాడు?" అని అడిగింది. ఏం చెప్పను? ఆమె లేచి వెళ్ళి నోరు కడుక్కుని వచ్చి, ఇంటికెళ్ళే దాకా మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నాన్న కూడా ప్లేటు పక్కకి నెట్టేశారు. పొరపాటున బేకన్ పడిందంటే అర్థం చేసుకుంటాను, కిచెన్‌లో జరుగుతుంటాయి. ఒక్క సారీ చెప్పి ప్లేటు మారిస్తే ఈ పోస్టు ఉండేదే కాదు. డెబ్బై ఏళ్ళ మనిషి ముందు నిలబడి ఆమె నియమాన్ని చూసి నవ్వడాన్ని మాత్రం నేను క్షమించలేను.

ఇంత జరిగాక ఆ ప్లేటుకి పూర్తి డబ్బులు, 16 యూరోలు వేశారు. బల్ల మీద ముందే పెట్టి ఉంచే ప్రెట్జెల్ (ముడి ఆకారపు రొట్టె) బుట్ట ఉచితం కాదు, తిన్నవాటికి లెక్క కడతారు. అది ఇక్కడి పద్ధతే, దాని మీద నాకు గొడవ లేదు. కానీ మేం తిన్నది ఒకటైతే రెండు రాశాడు. చీటీ మీద పెన్నుతో కూడి మొత్తం చెప్పాడు, ప్రింటు బిల్లు అడిగితే మొహం చిట్లించాడు. 2020 నుంచి జర్మనీలో ఎలక్ట్రానిక్ క్యాష్ రిజిస్టర్ వాడేవాళ్ళు అడక్కపోయినా రసీదు ఇవ్వాలి. పట్టుబట్టి తీసుకున్నాను. టిప్ ఇవ్వలేదు. మేనేజర్‌తో మాట్లాడాలంటే ఈ రోజు లేరన్నారు.

మీ వాళ్ళని తీసుకెళ్తే మాంసం లేదు కదా అని ఊరుకోకండి. ష్పెక్ ఉందా, ష్మాల్ట్స్ అంటే పంది కొవ్వు ఉందా అని పేరు పెట్టి అడగండి. ఎర్ర క్యాబేజీ కూర, సావర్‌క్రౌట్ (పులియబెట్టిన క్యాబేజీ) చాలాచోట్ల ఆ కొవ్వుతోనే వండుతారు. రొట్టె ముద్దల్లో, అదే క్నోడెల్‌లో కూడా బేకన్ కలిపే రకాలున్నాయి. మెనూలో వంటకాల పక్కన ఉండే అలర్జీ గుర్తుల్ని నమ్ముకోవద్దు. చట్టం చెప్పమనే ఆ 14 పదార్థాల్లో గుడ్డు, పాలు, గోధుమలు ఉంటాయి గానీ పంది మాంసం ఉండదు.

పెద్దవాళ్ళకి బవేరియా వాతావరణం చూపించాలనుకుంటే బీర్ గార్డెన్, అంటే ఆరుబయట బల్లలు వేసి బీరు అమ్మే చోటు, మేలు. గుడ్డ పరవని బల్లల దగ్గర మన తిండి మనం తెచ్చుకుని తినవచ్చు, తాగేవి మాత్రం అక్కడే కొనాలి. ఈ వారాంతం అమ్మ పులిహోర కలుపుతానంది, అక్కడికే వెళ్తున్నాం.